చదివింపుల పుస్తకం



పొద్దుటి హడావిడి అయిపోయి, పిల్లలు బడికీ, వారు ఆఫీసుకీ వెళ్ళిపోయి, ఇప్పుడే మీరు కాస్త కాఫీ పెట్టుకుని కూర్చుని ఉంటారు. ఈ వేళప్పుడు ఏ వడియాల సంగతో, ఊరగాయ సంగతో చెప్పక, కంపెనీలనీ ఎన్నికల చందాలనీ మొదలుపెట్టిందేమిటి ఈవిడ, అనుకుంటారేమో! కాస్త ఓపిక పట్టండి. నేను చెప్పబోయేది లెక్కల పుస్తకం సంగతి. లెక్కల పుస్తకం విలువ మన ఆడవాళ్ళకంటే ఎవరికి బాగా తెలుసు చెప్పండి?

నేను చట్టాలు చదువుకున్నదాన్ని కాదు. పదో తరగతి ప్యాసయ్యాక నా చదువు ఆగిపోయింది. కాని పెళ్ళయిన నాటి నుంచి పాల లెక్క, పచారీ కొట్టు లెక్క, చిట్టీ లెక్క రాస్తూనే ఉన్నాను. రూపాయి ఎక్కడికి పోయిందో తెలియకపోతే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ అలవాటుతోనే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు మీకందరికీ తెలిసినవే. మండపం పక్కన బల్ల వేసుకుని, ఇంటికి నమ్మకస్తుడైన ఒకాయన పుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరు, ఏ ఊరు, ఎంత అని రాస్తాడు. వెనకటి రోజుల్లో అయితే పైకి చదివేవారు కూడాను. "ఫలానా వారు, ఫలానా ఊరు, నూట పదహార్లు" అని నలుగురికీ వినబడేటట్లు చదవటం వల్లనే వాటికి చదివింపులని పేరు వచ్చింది. ఇచ్చిన వాళ్ళకు సిగ్గు లేదు, పుచ్చుకున్న వాళ్ళకు దాపరికం లేదు. రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే మనమూ ఆ పుస్తకం తీసి చూసుకుని తిరిగి చదివిస్తాం. ఇచ్చిన దానికి బదులు ఉంటుందని అందరికీ తెలుసు. బదులు ఉండటం తప్పు కాదు. ఆ బదులు ఏమిటో నలుగురికీ తెలియకపోవటంలోనే ఉన్నది చిక్కంతా.

ఈ చిక్కు ఎలా వస్తుందో మా ఇంటి దగ్గర జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

మేముండే అపార్టుమెంటులో 40 ఇళ్ళు ఉన్నాయి. ఎండాకాలం వస్తే బోరు ఎండిపోయి, రోజుకు నాలుగు ట్యాంకర్ల నీళ్ళు కొనుక్కోవాలి. ఒక ఏడాది వినాయక చవితికి విగ్రహం ఖర్చు, పందిరి ఖర్చు అంతా ఆ ట్యాంకర్ల ఆయనే పెట్టుకున్నాడు. ఇంటికి 500 రూపాయల చందా తప్పింది. అందరం సంతోషించాం. పులిహోర నేనే కలిపాను. నిమజ్జనం నాడు ఆయనకు శాలువా కూడా కప్పారు.

మర్నాటి వేసవికి ట్యాంకరు ధర 150 రూపాయలు పెరిగింది. ఇంకో మనిషిని పిలిచి ధర అడిగిన వాళ్ళు లేరు. వేసవి మూడు నెలలూ గడిచాక జరిగిన మీటింగులో, కింద ఇంట్లో ఉండే పెద్దావిడ, రిటైరయిన పంతులమ్మగారు, లేచి నిలబడ్డారు.

"నాయనా, నిరుడు విగ్రహానికి ఎంత అయింది? ఇచ్చిందెవరు? రసీదు ఎక్కడుంది?" అని అడిగారు.

సెక్రటరీగారు నవ్వి, "దేవుడి కార్యానికి లెక్కలేమిటండీ పిన్నిగారూ!" అన్నారు.

"దేవుడికి అక్కర్లేదు నాయనా. నాకు కావాలి. నీళ్ళకు డబ్బు కట్టేది నేను కదా" అన్నారావిడ.

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నోరెత్తి "అవును, నాకూ కావాలి" అనలేకపోయాను. ఆయనిచ్చిన పందిట్లో పులిహోర తిన్న నోరు కదా, ఎలా లేస్తుంది? ఇంటికొచ్చి నా పుస్తకం తీశాను. రోజుకు నాలుగు ట్యాంకర్లు, 90 రోజులు, ట్యాంకరుకు 150 ఎక్కువ. అంతా కలిపితే 54 వేలు. 40 ఇళ్ళకు పంచితే మా వాటా 1,350 రూపాయలు. 500 రూపాయలు మిగిలిందని మురిసిపోయిన దాన్ని, 1,350 పోగొట్టుకున్నాను! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

ఆ ట్యాంకర్ల ఆయన దొంగ అని నేననటం లేదు. డీజిలు ధర పెరిగే ధర పెంచాడో ఏమో! కాని మేము అడిగి తెలుసుకునే వీలు లేకుండా పోయింది. అదీ నష్టం. పెద్దావిడ పట్టుబట్టిన మీదట నోటీసు బోర్డు మీద లెక్క పెట్టారు, మూడుచోట్ల ధరలు అడిగారు. చివరికి పాత ధరకే నీళ్ళు పోస్తానని వచ్చినవాడు ఆ పాత ట్యాంకర్ల ఆయనే!

40 ఇళ్ళలోనే ఇంత ఉంటే, దేశమంతటికీ ఎంత ఉండాలి? రోడ్లు వేసే కంపెనీలు, గనులు తవ్వే కంపెనీలు, మందులు చేసే కంపెనీలు, ఇవన్నీ ప్రభుత్వాల దగ్గర పనులున్నవే. కాంట్రాక్టు కావాలి, లైసెన్సు కావాలి, పన్నులో తగ్గింపు కావాలి. ఆ ప్రభుత్వాన్ని నడిపే పార్టీలకేమో ఎన్నికలకు డబ్బు కావాలి. లోక్‌సభకు నిలబడే అభ్యర్థి పెద్ద రాష్ట్రాల్లో 95 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదని 2022లో నిబంధన పెట్టారు. కాని పార్టీ పెట్టే ఖర్చుకు హద్దు లేదు. మరి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు కంపెనీల నుంచే.

కంపెనీ డబ్బు అంటే ఎవరి డబ్బు? వాటాలు కొన్న వాళ్ళది. మీరూ నేనూ వాటాలు కొనలేదు కదా అంటారేమో. మన బీమా సంస్థలు, మన భవిష్యనిధులు, నెలనెలా పిల్లల చదువుకని కట్టే మ్యూచువల్ ఫండ్లు, ఇవన్నీ కంపెనీల వాటాలు కొంటూనే ఉన్నాయి. అదిగాక కంపెనీకి లాభం వచ్చేది మనం కొనే సరుకులోంచే. అందుచేత కంపెనీ పెద్దలు పార్టీకి చందా ఇస్తే, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. అత్తకు కనీసం చెప్పాలా వద్దా?

ఈ ప్రశ్న ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. 1957లో టాటా ఉక్కు కంపెనీ రాజకీయ పార్టీలకు చందాలివ్వటానికి వీలుగా తన నియమావళి మార్చుకోబోయింది. ఒక వాటాదారు ఒప్పుకోక బొంబాయి హైకోర్టుకెళ్ళాడు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చాగ్లాగారు, చట్టంలో అడ్డేమీ లేదు గనుక కాదనలేమన్నారు. అంటూనే, ఇది ముందు ముందు ప్రజాస్వామ్యం గొంతు నులిమే ప్రమాదం ఉన్నదనీ, పార్లమెంటు ఆలోచించుకోవాలనీ హెచ్చరించారు.

తర్వాత 1960లో కంపెనీ చందాలకు చట్టంలో హద్దు పెట్టారు, లెక్కల్లో పార్టీ పేరు చూపాలన్నారు. 1969లో కంపెనీలు చందాలివ్వటమే పూర్తిగా మాన్పించారు. మానాయా అంటే, తెల్లడబ్బు ఇవ్వటం మాని నల్లడబ్బు ఇచ్చారని అప్పట్లోనే అందరూ అనుకునేవారు. 1985లో మళ్ళీ అనుమతించి, మూడేళ్ళ సగటు లాభంలో నూటికి 5 దాటకూడదన్నారు. 2013 కంపెనీల చట్టంలో దాన్ని ఏడున్నర చేశారు. ఇన్ని మార్పుల్లోనూ, చందాలకు అనుమతి ఉన్నంత కాలం రెండు కట్లు మాత్రం నిలిచాయి. హద్దు ఉండాలి, ఏ పార్టీకి ఇచ్చారో లెక్కల పుస్తకంలో కనబడాలి.

2017లో ఆ రెండు కట్లూ తెంపేశారు. ఎంతైనా ఇవ్వవచ్చు, ఎవరికిచ్చారో చెప్పనక్కర్లేదు అన్నారు. 2018 జనవరి 2న ఎన్నికల బాండ్లని ఒక పద్ధతి తెచ్చారు. వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి, ఇవీ వాటి విలువలు. స్టేట్ బ్యాంకులో మాత్రమే కొనాలి. కొన్నవారు తమకిష్టమైన పార్టీకి ఇస్తే, ఆ పార్టీ 15 రోజుల్లోగా తన ఖాతాలో జమ చేసుకోవాలి. బాండు మీద ఇచ్చినవారి పేరు ఉండదు. రొక్కం బదులు బ్యాంకు ద్వారా డబ్బు వస్తుంది గనుక నల్లడబ్బు పోతుందని, పేరు బయటపడకపోతే ఇతర పార్టీల కక్షకు ఇచ్చినవాళ్ళు గురికారని ప్రభుత్వం వాదన. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయినా ఈ పద్ధతి వద్దని 2017లోనే రిజర్వు బ్యాంకూ, ఎన్నికల సంఘమూ అభ్యంతరాలు చెప్పాయి.

మళ్ళీ మన చదివింపుల మండపానికి రండి. పేరు రాయని కవర్లు వస్తున్నాయి. లోపల కోటి రూపాయలున్నాయి. విందుకు వచ్చిన మనకు ఎవరిచ్చారో తెలియదు. పుచ్చుకున్న వియ్యంకుడికి మాత్రం తెలియదా? ఇచ్చినవాడు వచ్చి చెవిలో చెప్పడా? పైగా బాండు మీద మామూలు కంటికి కనబడని ఒక సంఖ్య ఉన్నది. అతినీలలోహిత కాంతి కింద పెడితేనే అది కనిపిస్తుందని 2018లో ఒక మహిళా విలేకరి బాండ్లు కొని పరీక్ష చేయించి బయటపెట్టారు. లెక్క అంతా ఉన్న బ్యాంకు ప్రభుత్వానిది. అంటే దాపరికం ఎవరి నుంచి? ఓటు వేసే మీ నుంచీ, నా నుంచీ మాత్రమేనన్నమాట.

కొందరు పౌరులూ, స్వచ్ఛంద సంస్థలూ, ఒక కమ్యూనిస్టు పార్టీ కలిసి సుప్రీం కోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యం ఏళ్ళ తరబడి సాగింది. ఈలోగా ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి, బాండ్లు అమ్ముడవుతూనే ఉన్నాయి. 2018 నుంచి మొత్తం అమ్మినవి 16 వేల 500 కోట్ల రూపాయల పైమాటే. చివరికి 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ పద్ధతిని కొట్టివేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉన్నదనీ, డబ్బు ఇచ్చినవాడికి పాలన చేసేవాడి దగ్గర చనువు దొరుకుతుంది గనుక ఆ డబ్బు ఎవరిదో ఓటరుకు తెలియాలనీ చెప్పింది. కంపెనీలు హద్దు లేకుండా చందాలివ్వటాన్నీ తప్పుపట్టింది.

తీర్పు వచ్చాక ఏమయిందో వినండి. పేర్లు అందజేయటానికి జూన్ 30 దాకా గడువు కావాలన్నది బ్యాంకు. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు అయిపోతాయి! మన ఫోనులో వంద రూపాయలు కట్టినా మరుక్షణం రసీదు పంపే బ్యాంకుకు, ఆ లెక్క చెప్పటానికి నాలుగు నెలలు కావాలట. కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 12 సాయంత్రానికల్లా ఇవ్వమన్నది. మార్చి 14న ఎన్నికల సంఘం జాబితాలు బయటపెట్టింది. అందులో ఎవరు కొన్నారో ఒక జాబితా, ఎవరు పుచ్చుకున్నారో ఒక జాబితా, రెంటికీ లంకె లేదు. కోర్టు మళ్ళీ గట్టిగా చెబితేగాని సంఖ్యలతో సహా మార్చి 21న పూర్తి లెక్క రాలేదు.

ఆ పుస్తకం తెరిస్తే ఏమి కనబడింది? 2019 ఏప్రిల్ నుంచి కొన్నవి 12 వేల కోట్ల పైచిలుకు. వాటి విలువలో నూటికి 90 పాళ్ళకు పైగా కోటి రూపాయల బాండ్లే. వెయ్యి రూపాయల బాండు కొనే సామాన్యుడి కోసం పెట్టిన పద్ధతి కాదని అక్కడే తేలిపోయింది. అందరికంటే ఎక్కువగా 1,368 కోట్లకు కొన్నది లాటరీ టిక్కెట్ల వ్యాపారం చేసే కంపెనీ. రెండోది 966 కోట్లతో మన హైదరాబాదు నుంచే నడిచే నిర్మాణాల కంపెనీ. పుచ్చుకున్న వాటిలో దాదాపు సగం కేంద్రంలో అధికారంలో ఉన్న భారతీయ జనతా పార్టీకి చేరింది. మిగతా సగం రకరకాల పార్టీలకు చేరింది. మన రెండు తెలుగు రాష్ట్రాల పెద్ద పార్టీలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఎక్కడ ఎవరు అధికారంలో ఉంటే అక్కడ వాళ్ళకు ఎక్కువ. అందుచేత ఇది ఒక పార్టీని మెచ్చుకోవటానికో, తిట్టటానికో చెబుతున్న మాట కాదని గమనించండి.

పత్రికల వాళ్ళు ఆ లెక్కల్ని తిరగేసి చూస్తే, తమకు వచ్చిన లాభం కంటే ఎక్కువ చందా ఇచ్చిన కంపెనీలు కనబడ్డాయి. సోదాలు జరిగిన కొన్నాళ్ళకు బాండ్లు కొన్నవీ, బాండ్లు కొన్న ముందూ వెనకా కాంట్రాక్టులు దొరికినవీ కనబడ్డాయి. ఆ తారీఖులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన నేరం జరిగినట్టు కాదు. ప్రత్యేక దర్యాప్తు జరిపించమని వచ్చిన అర్జీలను 2024 ఆగస్టులో సుప్రీం కోర్టు తోసిపుచ్చింది కూడా. నా ట్యాంకర్ల ఆయన సంగతి లాంటిదే ఇదీను. దొంగతనమని అనలేం, దొరతనమనీ అనలేం. ఆ సందేహం మన నెత్తిన పెట్టి వెళ్ళటమే దాపరికం చేసే అన్యాయం.

"బజారు స్వేచ్ఛగా ఉండాలి, కంపెనీలు బాగుంటేనే ఉద్యోగాలు ఉంటాయి" అని మావారు అంటూ ఉంటారు. నేనూ కాదనను. మా వాడికి రేపు ఉద్యోగం ఇవ్వవలసిందీ ఏదో ఒక కంపెనీయే. కాని బజారంటే ఏమిటి? మన రైతు బజారుకు వెళ్ళండి. గుమ్మంలోనే పలక మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. టమాటా ఎవరి దగ్గర బాగుంటే వాళ్ళ దగ్గర కొంటాం. అదీ బజారు. ఒకావిడ బజారు పెద్దకు చాటుగా డబ్బిచ్చి, పక్క గంపల వాళ్ళను లేవగొట్టించిందనుకోండి. అప్పుడు పుచ్చు వంకాయలైనా ఆవిడ దగ్గరే, ఆవిడ చెప్పిన ధరకే కొనాలి. అది బజారు ఎలా అవుతుంది? నాణెంగా పనిచేసి, చందాలివ్వలేని చిన్న కంపెనీకి కూడా దాపరికం వల్ల అన్యాయమే జరుగుతుంది.

"మాకు నచ్చకపోతే కొనటం మానేస్తాం, అదే మా శిక్ష" అనే వాళ్ళున్నారు. సబ్బు నచ్చకపోతే మానవచ్చు. రోడ్డు, వంతెన, కరెంటు మానగలమా? వాటిని కొనేది మన పేరు చెప్పి ప్రభుత్వం. అక్కడ మనకున్నది ఓటు ఒక్కటే. లెక్క తెలియకుండా వేసే ఓటు, ధర అడగకుండా కొన్న చీర లాంటిది.

బాండ్లు పోయాయి గదా, ఇంకా ఏమిటీ గోల అంటారా? చదివింపులు ఆగలేదమ్మా. ఎన్నికల ట్రస్టులని 2013 నుంచి ఇంకో దారి ఉన్నది. కంపెనీలు ట్రస్టుకిస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. ఇచ్చినవాళ్ళ పేర్లు, పుచ్చుకున్న పార్టీల పేర్లు రెండూ బయటికి వస్తాయి. అంతవరకు మేలే. కాని అన్ని బిందెల నీళ్ళూ ఒకే తొట్టిలో పోసి పంచితే, ఎవరి బిందె నీళ్ళు ఎవరి చెట్టుకు పోయాయో తేలటం కష్టం. అదీగాక, 20 వేలకు మించని చందాలిచ్చిన వాళ్ళ పేర్లు పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పనక్కర్లేదు. పార్టీలు కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2013లో కేంద్ర సమాచార సంఘం చెప్పింది. పార్టీలు దాన్ని పాటించలేదు. ఒకరినొకరు తిట్టుకునే వాళ్ళు ఈ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యంగా ఉన్నారో చూడండి!

మరి ఇల్లు చూసుకునే మనం చేయగలిగిందేమిటి? పెద్దపెద్ద పనులు చెప్పను. ప్రతి ఏటా పార్టీలు 20 వేలకు మించిన చందాల లెక్క ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. అది అందరూ చూసేందుకు పెడతారు, పత్రికల్లో కూడా పడుతుంది. సినిమా పేజీ చదివాక, ఆ వార్త కూడా చదవండి. మీ ఊళ్ళో వంతెన కట్టిన కంపెనీ పేరు అందులో ఉన్నదేమో చూడండి. ఇంట్లో ఎవరి పేరనైనా కంపెనీ వాటాలుంటే, ఏడాదికోసారి వచ్చే నివేదికను చిత్తు కాగితాల్లో పడేయకుండా, రాజకీయ చందాలనే పద్దు ఎక్కడుందో వెతకండి. ఓటు అడగటానికి గుమ్మంలోకి వచ్చిన వాళ్ళకు కుంకుమ పెట్టి, మంచినీళ్ళిచ్చి, "మీ పార్టీ చదివింపుల పుస్తకం ఎక్కడుంది బాబూ?" అని అడగండి. కోపంగా అడగనక్కర్లేదు. పాలవాణ్ణి నెలాఖరున అడిగినట్టే అడగండి.

అడగటం కష్టమని నాకు తెలుసు. మా 40 ఇళ్ళ మీటింగులోనే నేను అడగలేకపోయిన దాన్ని. ఆ తర్వాత ఒకనాడు పెద్దావిడ దగ్గరకు వెళ్ళి, "ఆ రోజు మీ పక్కన నిలబడలేదు, క్షమించండి పిన్నిగారూ" అన్నాను. ఆవిడ నవ్వి, "పైసారి ఇద్దరం లేద్దాంలే అమ్మాయ్, ఒక్కదాన్నే లేస్తే మోకాళ్ళు నొప్పిగా ఉంటున్నాయి" అన్నారు.

ఈ ఏడు వినాయక చవితికి మా ఇంటి చందా 500 మేమే ఇచ్చాం. రసీదు తీసుకున్నాను. నా లెక్కల పుస్తకంలో పెట్టాను.